అధ్యక్షుని జేబుగడియారము

శిశిరము వీడ్కొన మనసొప్పకయు వసంతము కాలిడ ధైర్యము చాలకయు నొక్క గడపకడనే తారసిల్లి యెడమొగము పెడమొగముగా నిలిచియున్న మార్చినెల నాలుగవనాటి ప్రాతఃకాలమున వాషింగ్టను నగరముపై గగనమండలము సీసపు రేకువలె క్రిందికి వ్రేలుచుండెను. పొటోమాకు నదీజలములను గోకుకొనుచు వచ్చెడి యీదురుగాలి తుహినకణమిశ్రమైన చినుకును జనుల మొగములపై జల్లుచు నూతనాధ్యక్షుని ప్రమాణస్వీకారమహోత్సవమునకై వీథుల పొడవున గట్టిన నక్షత్రాంకితపతాకములను తడిగుడ్డలవలె స్తంభములకు జుట్టబెట్టుచుండెను. నాలుగు దిక్కులనుండి రైళ్లెక్కి వచ్చిన జనసహస్రములు చీలమండలవరకు బురదలో దిగబడియు నుత్సాహము సడలక బ్యాండువాద్యముల వెంట నడచుచుండిరి. వారందరి శిరములకు మీదుగా శాసనసభాసౌధము మిట్టమీద నిలిచియుండెను గాని దాని ధవళగోపురమును మంచుమబ్బు కంఠమువరకు మ్రింగివేయుటచే నది శిరస్సులేని మొండెమై కానవచ్చుచుండెను. దానిని జూచి మంచి శకునమని యెవరును అనుకొనియుండరు.

ఆ సౌధాభ్యంతరమున సెనేటు సభామందిరమునకును అధ్యక్షుడు సంతకములు చేయు చిన్నగదికిని నడుమనున్న నడవలో నొక పెద్ద గోడగడియారము క్రింద ఆబ్నరు టాల్కటు అను వృద్ధద్వారపాలకుడు నిలిచియుండెను. ఇరువదియెనిమిది సంవత్సరములుగా నాతడు నిలిచెడి చోటదియే. సభ్యులెందరో వచ్చిరి, ఎందరో పోయిరి, గడియారమును ఆబ్నరును మాత్రము కదలలేదు. ప్రతిదినము నౌకాశాలయందు మధ్యాహ్నఫిరంగి మ్రోగినతోడనే దానితో ఆ గడియారమును సరిచూచుట యాతని కార్యములలో నెల్ల నాతనికి ప్రీతికరమైన కార్యము. ఇల్లాలి మాటకైన నొకప్పుడు ఎదురు చెప్పెనేమో గాని ఆ ఫిరంగి మాటకు మాత్ర మాతడెన్నడును ఎదురు చెప్పి యెరుగడు.

అయినను రెండు సంవత్సరముల కొక్కనాడు ఆ గడియారముచేత నబద్ధమాడించెడి వాడును ఆతడే. ఆ దేశపు ధర్మమునుబట్టి రెండేండ్ల కొకమారు మార్చి నాలుగవతేది మధ్యాహ్నము పండ్రెండు గంటలు కాగానే పాతసభయు, నాలుగేండ్ల కొకమారు దానితోబాటు పాతయధ్యక్షుని యధికారమును నస్తమించును. అప్పటికి అధ్యక్షుని సంతకము పడని చట్టము ఎంతటి ఘనమైనదైనను చిత్తుకాగితముతో సమానము. ఏడాదిపొడవునను కబుర్లతో కాలక్షేపము చేసి కడపటి గంటలో నురుకులు పరుగులు పెట్టెడి సభ్యుల సౌకర్యార్థము పూర్వద్వారపాలకు లొక యాచారమును గల్పించిరి. కొసయందు ఇత్తడి కొక్కెమమర్చిన నిలువెత్తు కర్ర నొకదానిని దెచ్చి గడియారపు పెద్దముల్లును మెల్లగా వెనుకకు ద్రోయుదురు. పండ్రెండు కావచ్చిన గంట మరల పదునొకటిన్నర యగును. సభ్యులు పైకప్పు వైపు జూచుచు దమ కేమియు దెలియనట్లు నటింతురు. ఆ నాటకమున ఆబ్నరు ఇరువదియారు వత్సరములు ప్రధానపాత్రము వహించి దానియందొక తప్పున్నదని కలలోనైన దలపోయకుండెను.

అట్టి తలంపు నాతని బుఱ్ఱలో బెట్టినవాడు అధ్యక్షుడు జోసయా థార్పు. ఈ థార్పు మహాశయుడు ఓహియో ప్రాంతపు గ్రామసీమలో బడిపంతులుగా జీవిత మారంభించి దీర్ఘకృశశరీరుడును లోతుకన్నులవాడును వట్టి ముక్కుసూటి మనిషియునై స్నేహితులకే భయము గొలిపెడి సత్యసంధతచే నున్నతపదవి నధిష్ఠించినవాడు. సిఫారసుతో నుద్యోగములను పంచిపెట్టు దురాచారమును మొదటి సంవత్సరముననే రూపుమాపి స్వపక్షములోని సగముమందికి గిట్టనివాడయ్యెను. ఏ కాగితముపై సంతకము చేసినను దేదీతోబాటు గంటయు నిమిషమును గూడ స్వహస్తముతో వ్రాయుట యాతని నియమము. సంతకమును వెనుకతేదీతో వేయించుకొని పనులు చక్కబెట్టుకొనెడి మోసగాండ్ర యాటలు దీనితో గట్టెను.

రెండేండ్ల క్రిందటి సభాంతదినమున నతడు సంతకముల గదినుండి వెలుపలికి వచ్చుచు కర్రతో ముల్లును ద్రోయుచున్న ఆబ్నరును ప్రత్యక్షముగా జూచెను. ఆబ్నరు చిరునవ్వు నవ్వెను. అధ్యక్షుడు నవ్వలేదు.

"ఆబ్నరూ, చట్టములు పుట్టు నింటిలోనే మొదట కాలమును మోసగించితిమేని రేపు ప్రజలను మోసము చేయకుడని యే మొగము పెట్టుకొని చెప్పుదుము? నేనీ పదవియం దున్నంతకాలము ఆ ముల్లును ముట్టనని నాకు మాట యిమ్ము" అనెను.

ఇంతటివాడు తన్ను మాట యడిగినందులకే యబ్బురపడిన ఆబ్నరు చేయి ముందుకు జాచి "ఇచ్చితి నయ్యా" అనెను. ఆ పిదప కర్రను బీరువాలో బెట్టి తాళమువేసి తాళపుచెవిని మొలత్రాటికి గట్టుకొనెను. అప్పటినుండి యా దీర్ఘకాయుని పాదధ్వని నడవలో వినబడినప్పుడెల్ల నాతని వెన్నెముక తనంతట తానే నిటారుగా నిలిచెడిది. ఆతనికి థార్పుపై కలిగినది కేవలము గౌరవము కాదు, ప్రేమ.

అధ్యక్షుని జేబుగడియారమును గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. ఆ కాలమున నా దేశమున రైళ్లు పరుగెత్తుచుండెను గాని కాలము మాత్రము ఊరూరికిని వేరుగనే యుండెను. మన చెన్నపట్టణమున మధ్యాహ్నమైనప్పుడు బొంబాయిలో నింకను కాకపోవునట్లే అచ్చటను తూర్పున నున్న యూరికి ముందును పడమట నున్న యూరికి వెనుకను మిట్టమధ్యాహ్న మగుచుండెడిది. థార్పు మహాశయుడు ఏ పట్టణమున రైలు దిగిన నా పట్టణపు స్టేషను గడియారముతో దన జేబుగడియారమును సరిచేసికొని గాని ప్లాటుఫారము దాటెడివాడు కాడు. ఉన్న యూరి కాలము దప్ప వేరుకాలము జేబులో బెట్టుకొని తిరుగుట గూడ నొకవిధమగు నసత్యమే యని యాతని మతము.

ఇక నానాటి కార్యమునకు వత్తము. రెండవమారు పోటీచేసి యోడిపోయిన థార్పు మహాశయుని యధికారమునకు నిక మిగిలినవి కొలది గంటలు. ఆ గంటలలో నాతడు ప్రాణమొడ్డి కనిపెట్టుకొనియున్న చట్టము ఒక్కటియే. పడమటి ప్రాంతములలోని బొగ్గుగనులలో దిగుటకును ఎక్కుటకును ఒక్క దారియే యుండెడిది. ఆ దారిలో నిప్పంటుకొన్న లోపలివారికి భూమియే సమాధి. ప్రతి గనికిని రెండవదారి త్రవ్వింపవలయునని యా చట్టము శాసించును. గనుల యజమానులు దానిని మూడేండ్లు త్రొక్కిపట్టిరి. మధ్యాహ్నానంతరము పీఠమెక్కబోవు నూతనాధ్యక్షుడు వారి విందులలో బెరిగిన మనిషి. కావున నా పూట తప్పిన నా చట్టమునకు మరియొక పూట లేదు.

ఆబ్నరు బీరువాలో నొక జాబుండెను. సంతానహీనుడైన ఆతడు చనిపోయిన తమ్ముని కొమరుడు కేలబును చేతులమీద బెంచెను. కేలబిప్పుడు ముప్పదియేండ్లవాడై పెండ్లియాడి పడమటిదేశమున బ్లాక్‌ఫోర్కు అను గనిలో బనిచేయుచుండెను. "పెదనాయనా, క్రిందటివారము గనిలోనికి దిగెడి బావి కడ దూలమునకు నిప్పంటుకొనెను. అదృష్టవశమున నార్పితిమి. మాపైన నున్నది కఱ్ఱ, క్రిందనున్నది బొగ్గు, నడుమనున్నది మేము. మీ దొర చట్టము ఎప్పుడు వచ్చునని యిచ్చట నందరును నన్నే యడుగుచున్నారు. నీవక్కడ నున్నావు గదా యని వారి ధైర్యము" అని యాతడు వ్రాసెను. ఆ జాబు మడతలయందు చిరిగిపోవునంతవరకు ఆబ్నరు చదివెను.

అధ్యక్షుడు ముందునాడు ఫిలడెల్ఫియాకేగి గనికార్మికుల సభలో మాటలాడి తిరుగురైలు తుపానులో జిక్కుకొనుటచే తెల్లవారుచీకటిలో నగరముజేరి స్టేషనునుండి తిన్నగా శాసనసభకే వచ్చెను. స్నానము లేదు, నిద్ర లేదు. దీపములార్పివేసిన స్టేషనులో బండివాడు తొందరపెట్టగా గొడుగు సైతము మఱచి యెక్కెనట. నడవలో ఆబ్నరును జూచి యాతని భుజముపై చేయివేసి "నేడు మన కేలబు చట్టము ఆబ్నరూ" అనెను. ఒక ద్వారపాలకుని తమ్ముని కొమరుని పేరు అధ్యక్షునకు జ్ఞాపకముండుట జూచి ఆబ్నరు కన్నులు చెమర్చెను. నవ్వు దెచ్చుకొనబోయెను గాని గాలికి నడవలోని తలుపొకటి దభాలున మూతపడగా నిరువురును ఉలికిపడిరి.

తొమ్మిదింటనుండి యధ్యక్షుడు గదిలో గూర్చుండి వచ్చిన కాగితములపై సంతకములు చేయుచు ప్రక్కన బల్లపై మూత తెరచిపెట్టిన జేబుగడియారమును జూచి గంటయు నిమిషమును వ్రాయుచుండెను. గోడగడియారము వెలుపల నుండుటచే నాతనికి గానరాదు. సభలోన గనిచట్టము పదునొకటిన్నరకు నెగ్గెను. ఇక దానిని తోలుకాగితముపై శుద్ధప్రతి వ్రాయించి సభాపతుల చేవ్రాళ్లుంచి గదికి దేవలసియుండెను. ఆ సమయమున గనులవారి పక్షమున జిరకాలముగా నోరు చేసికొనుచున్న లూషియసు గ్రేవెను అను సెనేటరు లేచి శుద్ధప్రతిలో నొకచోట "గని" యని యుండవలసిన తావున "గనులు" అని పడినదనియు నది సరిచేయవలెననియు నాక్షేపించెను. బంగారపుగొలుసు వ్రేలాడు పొట్టయు వెన్నరాచినట్టి మాటయు గల పెద్దమనిషి యాతడు. వ్రాతగాడు మొదటినుండి యా పుట నంతయు తిరిగి వ్రాయ మొదలుపెట్టెను.

గోడగడియారమున పదునొకటియు నలువదియైదయ్యెను. పిదప నలువదియెనిమిది. తాను చూచుచున్నది ముల్లు కాదు, కేలబు తలమీది దూలమని ఆబ్నరునకు దోచెను. మొలనున్న తాళపుచెవిని చేయి తనంతట తానే వెదకెను. ఎప్పుడు బీరువా తెరచెనో యెప్పుడు కర్ర చేతికి వచ్చెనో యాతనికే తెలియదు. రెండేండ్ల ధూళి కర్రనుండి రాలి చొక్కాచేతిపై బడెను. నడవలో నెవరును లేరు. అరగంట వెనుకకు ద్రోసిన వ్రాతగాడు పదిమార్లు వ్రాయవచ్చును. ఆబ్నరు కర్రనెత్తెను. ఇత్తడికొక్కెము ముల్లునకు వ్రేలెడు దూరమున నిలిచెను.

"ఇచ్చితి నయ్యా" యన్న తన కంఠమే యాతనికి వినబడెను. ఈ చట్టము దొంగతనమున బుట్టిన చట్టమని రేపు గ్రేవెనువంటివాడు న్యాయస్థానమున రుజువు చేసిన నేమగును? అంతకంటె నా లోతుకన్నులు తన్ను జూచిన నేమగును? ఆబ్నరు పండ్లు బిగించి కర్రను దింపెను. గోడకు జేరగిలి కర్రను చేతిలో బట్టుకొనియే కన్నులు మూసికొనెను. దానిని తిరిగి బీరువాలో బెట్టవలెనని తోచినను గడియారము కడనుండి కదలబుద్ధి పుట్టలేదు. ముల్లు ముట్టబడలేదు. ఈ సంగతి యాతనికిని భగవంతునికిని మాత్రమే తెలియును.

అదేసమయమున గదిలోపల నధ్యక్షుని జేబుగడియారమున రెండు ముండ్లును పండ్రెండుపై గలసికొనెను. ఆతడు కలమును దుడిచి సిరాబుడ్డికి మూతబెట్టి లేచి నిలువబడెను. "కాలమైనది" అనెను. ఆ మాట చెప్పునప్పుడు వయసొక్కసారిగా బదియేండ్లు మీదబడినట్లు మొగము వాడెను. వెలుపల బ్యాండు మ్రోతయు జనుల కేకలును కిటికీలను గదలించుచుండగా మధ్యాహ్నఫిరంగి యా గోలలో మునిగిపోయినదని గదిలోనివారు తలచిరి.

అంతలో తలుపు తెరచుకొని సభాకార్యదర్శి రొప్పుచు తోలుకాగితమును రెండుచేతులతో బట్టుకొని ప్రవేశించెను. ఆతని వెనుక గ్రేవెనుతోగూడ నలువురైదుగురు సెనేటరులు వచ్చిరి. "ప్రభూ, సంతకము! ఇంకను ఐదు నిమిషము లున్నవి" అని కార్యదర్శి కేకవేసెను.

"లేవు" అని యధ్యక్షుడు తన గడియారమును జూపెను. "పండ్రెండు దాటి రెండు నిమిషములైనది."

"నడవలోని గడియారమును జూడుడు! పదునొకటియు నేబదియైదు!"

అధ్యక్షుడు గుమ్మము కడకు నడచి వెలుపలికి దలయెత్తి చూచెను. గడియార మట్లే చూపుచుండెను. దానిక్రింద కొక్కెపుకర్ర చేతబట్టుకొని చొక్కాచేతిపై ధూళితో ఆబ్నరు నిలిచియుండెను.

ఆ యిరువురి చూపులును గలసిన యా క్షణమున నడవలోని చలి రెట్టింపయినట్లు తోచెను. అధ్యక్షుని మొగమున గోపము లేదు. కోపముండిన ఆబ్నరు భరించియుండును. అందు గనబడినది మిక్కిలి దుఃఖము.

"ఆబ్నరూ, నీ చేతిలోని దేమి?"

ముట్టలేదని చెప్పవలసిన ఆబ్నరు నాలుక ముట్టదలచిన సంగతిని దలచుకొని యంగిటికి నంటుకొనెను. దోషము చేయనివాడైనను దోషము చేయబోయినవాని తడబాటు వానిది. ఎట్టకేలకు "నేను... ముట్టలేదయ్యా. దేవుని తోడు, ముట్టలేదు" అని గొణిగెను. ఆ గొణుగుడు వాని చెవికే యబద్ధమువలె వినబడెను.

"నీ వెవరికొరకు చేసితివో నే నెరుగుదును. నిన్ను నేను నిందింపను" అని యధ్యక్షుడు మెల్లగా ననెను.

కార్యదర్శి తన గడియారమును దీసి చూపెను. మరియొక సెనేటరు తనది చూపెను. ఇద్దరివియు నేబదియైదు దాటి యేబదియారునకు సమీపించుచుండెను. అధ్యక్షుడు విషాదముగా నవ్వి "ఈ నడవలోని గడియారములన్నియు నాకు మిత్రములే. మిత్రుల సాక్ష్యము చెల్లదు" అనెను. పిదప గ్రేవెనువైపు దిరిగి "అయ్యా, మీరు నాకు మిత్రులు కారు. మీ గడియారమేమి చెప్పుచున్నది?" అని ప్రశ్నించెను.

అందరును గ్రేవెనును జూచిరి. అతడు బంగారపుగొలుసును లాగి గడియారమును తెరచి తన యరచేతిలోనే చూచుకొనెను. ఆతని ప్రక్కకు కొంచెము వెనుకగా నిలిచియున్న ఆబ్నరు కన్నులకు ఆ గాజుపలక స్పష్టముగా గానవచ్చెను. దానియందును పెద్దముల్లు పండ్రెండునకు నాలుగు నిమిషముల యీవలనే యుండెను.

గ్రేవెను మూత టక్కున మూసి తల వంచి నమస్కరించెను. "అధ్యక్షమహాశయా, నాలుగేండ్లుగా మీ సత్యనిష్ఠ లోకప్రసిద్ధము. మీ గడియారముకంటె నా గడియార మెక్కువయని నేననజాలను. మీ గడియారమే ప్రమాణము" అనెను.

"అబద్ధము!" అని ఆబ్నరు అరచెను. "ఆయన గడియారమును నేను జూచితిని. పండ్రెండింక కాలేదు! ఫిరంగియే మ్రోగలేదయ్యా!"

కర్ర చేతబట్టినవాని సాక్ష్యమునకు విలువ యెక్కడిది? సెనేటరు లొకరి మొగము నొకరు జూచుకొనిరి. అధ్యక్షుడు తోలుకాగితమును దాకను గూడ దాకక దానివంక నొక్కమారు మృతశిశువును జూచినట్లు చూచి "మూడు నిమిషముల దొంగసొత్తుపై నిలిచిన చట్టమును గనివాండ్రకు నేనియ్యను. వారు దానికంటె మంచిదానికి దగుదురు" అని పలికి టోపీ పెట్టుకొని మెట్లవైపు సాగెను. ఆ వాక్యము ఘనమైన వాక్యమే. మరునాటి పత్రికలన్నియు దానిని పెద్దయక్షరములతో నచ్చొత్తించెను.

ఆబ్నరు కర్రను పారవైచి వెంటబడెను. సౌధపు వెలుపలి మెట్లపై చినుకు జోరుగా గురియుచుండెను. అధ్యక్షుడు నడిమిమెట్టు దిగుచుండగా బ్యాండు పాట ముగిసి కాలమే యూపిరి బిగబట్టినట్లొక నిశ్శబ్దము గలిగెను. ఆ నిశ్శబ్దమున నదివైపునుండి ఫిరంగి మ్రోగెను.

అధ్యక్షుడు నిలిచిపోయెను. ఒకపాదము మీదిమెట్టునను ఒకపాదము క్రిందిమెట్టునను ఉండెను. ఆతడు మెల్లగా జేబుగడియారమును దీసి చూచెను. పండ్రెండు గంటల యేడు నిమిషములు. పిదప నాతని పెదవులు కదలుటను ఆబ్నరు గాంచెను. "ఫిలడెల్ఫియా" అని యాతడు తనలో దాననుకొనెను.

ఆ పట్టణము తూర్పుననున్నది. అచ్చటి మధ్యాహ్నము వాషింగ్టనుకంటె ఏడు నిమిషములు ముందు. జీవితకాలమంతయు తప్పని నియమము నిద్రలేమిచేతను తుపానుచేతను దీపములేని స్టేషనుచేతను ఆనాటి యుదయ మొక్కమారు తప్పెను. ఆతని జేబున నున్న గడియార మబద్ధము చెప్పలేదు. అది పొరుగూరి సత్యమును చెప్పుచుండెను.

అధ్యక్షుడు వెనుదిరిగి మెట్లపైనున్న ఆబ్నరును జూచెను. అంతటి దైన్యము నింతకుముందు ఆబ్నరు ఏ మనుష్యుని మొగమునను జూచి యెరుగడు. ఇక తిరిగిపోయి సంతకము చేయుట కాతనికి హక్కులేదు. ఫిరంగితోడనే యాతడు సామాన్యపౌరుడయ్యెను. వేదికపైనుండి నూతనాధ్యక్షుని జయజయధ్వనులు లేచెను.

ఆ సంవత్సరము అక్టోబరునెలలో బ్లాక్‌ఫోర్కు గనిలో దిగుడుబావి దూలములకు మరల నిప్పంటుకొనెను. ఈమారు ఆర్పుటకు వీలుపడలేదు. అరువదిముగ్గురు లోపల నుండిపోయిరి. లోపలివారు గోడలపై నోర్పుతో దట్టిన శబ్దములు రెండుదినములు పైకి వినబడెనట. మూడవనాడు వినబడలేదు. కేలబు భార్య పంపిన జాబులో మృతుల పట్టికను గత్తిరించిన పత్రికాఖండ ముండెను. దానిని తెరచిన పిదప ఆబ్నరు ఒకవారము మాటలాడలేదు.

లోకము మాత్రము మాటలాడెను. మూడు నిమిషముల దొంగసొత్తును దాకని ధర్మమూర్తియని థార్పును గీర్తించెను. థార్పు పత్రికలకు నిజము వ్రాసెను. తన గడియారమే తప్పినదనియు ద్వారపాలకుడు నిర్దోషియనియు తాను నమ్మవలసినవానిని నమ్మకపోతిననియు దాపరికము లేక వ్రాసెను. పత్రికాధిపతులు దానిని జదివి మహాత్ముల వినయ మెట్టిదో చూడుడని మెచ్చుకొని పుటయడుగున జిన్నయక్షరములతో వేసిరి. బడిపుస్తకములలో మొదటికథయే నిలిచెను. జనులకు నచ్చిన కథను నిజము వచ్చి పాడుచేయుట యంత సులభము కాదు.

శీతకాలమున నొకనాటి మధ్యాహ్నము థార్పు ఆబ్నరు ఇంటికి వచ్చెను. ఆబ్నరు కుర్చీ చూపెను గాని లేవలేదు. థార్పు పొయ్యికడ గూర్చుండెను.

"క్షమింపుమని యడుగుటకు రాలేదు. అడుగుటకు నాకు యోగ్యత లేదు" అని థార్పు మొదలుపెట్టెను. "ఒక్కమాట చెప్పిపోవలెనని వచ్చితిని. ఆనాడు నాయెదుట నిద్దరు సాక్షులుండిరి. ఒకటి నా గడియారము, ఒకడవు నీవు. నీవు నాకు మాట యిచ్చినవాడవు. గడియార మియ్యలేదు. అయినను దానినే నమ్మితిని. సత్యమునకు నేను గావలికాయుచున్నానని గర్వపడితిని గాని నన్ను దప్ప నింకొకరిని సత్యవంతునిగా భావించుట కాగర్వ మొప్పలేదు."

ఆబ్నరు పొయ్యిలోనికి నొక కట్టెను ద్రోసెను. "మీమీద నాకు కోపమున్నదయ్యా. లేదన్న నబద్ధము. రాత్రులు కాదు, పట్టపగలే మిమ్ము దిట్టుకొనుచున్నాను. కాని యా కర్రను నేను బీరువానుండి తీయకపోయిన మీరు నన్ను నమ్మియుందురేమో. ఆ యొక్కటి నన్ను బ్రతుకనిచ్చుటలేదు" అనెను.

థార్పు జేబుగడియారమును దీసి బల్లపైనుంచెను. అది పండ్రెండు దాటినట్లు చూపుచుండెను. అప్పటికి ఫిరంగి మ్రోగలేదు. "నేను దీనిని సరిచేయలేదు. నీవును చేయకుము" అని మాత్రమే యని వెడలిపోయెను. రెండేండ్ల కాతడు మరణించెను. ఆతడు ప్రారంభించిన యుద్యోగసంస్కరణము నిలిచెను. గనిచట్టము పదునొకండేండ్ల పిదప వేరొకయధ్యక్షుని చేతిమీదుగా వెలువడెను. ఆ పదునొకండేండ్లలో నేలపాలైన గనివాండ్రను గూర్చి యే యుపన్యాసమునను నెవరును ప్రస్తావింపలేదు.

నగరోద్యానమున థార్పునకు శిలావిగ్రహము నెత్తిరి. కుడిచేత గడియారము పట్టుకొని దానివంక జూచుచున్నట్లు శిల్పి మలచెను. పీఠమున సత్యవ్రతుడని చెక్కిరి. సత్యవ్రతము పూజ్యమే, సందేహము లేదు. అయినను తన సత్యము తప్ప నన్యుల సత్యము మీద నమ్మకము లేని వ్రతము, ఒక్క త్రోవయే యున్న గనివంటిదని యీ కథకుని యభిప్రాయము.

ప్రతిదినము మధ్యాహ్నమునకు ముందు ఒక ముసలివాడు చేతికర్ర యూతగా వచ్చి యా విగ్రహము క్రింద నిలుచుట యుద్యానమునకు వచ్చువారందరు చూచుచుండిరి. థార్పు విడిచిపోయిన జేబుగడియారమున పండ్రెండైనతోడనే యాతడు టోపీ తీసి పేరులను జెప్ప మొదలుపెట్టును. మొదట పత్రికాఖండమును జూచి చదివెడివాడు, రానురాను దాని యవసరము లేకపోయెను. తొందర లేదు, గొంతు పెంచుట లేదు, ఒక్కొక్క పేరునకు నొక్కొక్క యూపిరి. అరువదిరెండు పేరులైన పిదప కొంచెము నిలిచి కేలబు టాల్కటు అనును. అప్పుడు నదివైపునుండి ఫిరంగి మ్రోగును.

ఆ మ్రోత వినబడగానే విగ్రహము చుట్టునున్న పెద్దమనుష్యులందరును జేబులనుండి గడియారములను దీసి ముండ్లను సరిచేసికొనెడివారు. ఆబ్నరు తన చేతనున్నదానిని మూసి, సరిచేయకయే, జేబులో బెట్టుకొని యింటిదారి పట్టెడివాడు.